సిపాయి కాళ్ళ దుమ్ము

నా చిన్నప్పుడు నెత్తురు రంగును సీసాల్లో పోసి అమ్మేవాళ్ళు కాదు. ఇప్పుడు అమ్ముతున్నారు. మొన్న మా మనవరాలు తెప్పించుకున్న బొటనవేలంత యోధుడి బొమ్మతో పాటు అలాంటి సీసా ఒకటి వచ్చింది. నాలుగు చుక్కలు చల్లితే చాలు, అచ్చం యుద్ధంలోంచి వచ్చినట్టే ఉంటాడని దాని మీద రాసి ఉందట. నాకు ఒళ్ళు మండింది. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా నాకు నేను చదువుకున్నదే. అయినా ఆ మాట అబద్ధమని చెప్పడానికి నాకు ఏ పుస్తకమూ అక్కర్లేదు.

చిత్తూరులో మా ఇంట్లో దసరాకు బొమ్మల కొలువు పెట్టేవాళ్ళం. ఒక ఏడు మా అవ్వ బెత్తెడు మట్టి సిపాయిని కొనుక్కొచ్చి, రంగులు వేయమని నా చేతికిచ్చింది. బాగా వస్తే కొలువులో పెడతానంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా అక్కలు చేసిన బొమ్మలే తప్ప, నాదంటూ ఒక్కటీ ఆ మెట్లెక్కింది లేదు. వీరుడంటే ఇలాగే ఉండాలనుకుని, కుంకుమను తుమ్మజిగురులో కలిపి వాడికి తల నుంచి కాళ్ళ దాకా పూసేశాను. అవ్వ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. నెత్తురు కారే బొమ్మను అమ్మవారి ముందు పెట్టేది లేదని, తెల్లారితే కొలువు గనక ఈ ఏటికి వీడు అటక మీదే ఉంటాడని తేల్చేసింది.

ఏడుస్తూ పోయి అరుగు మీద కూర్చున్నాను. అక్కడ మా చిన్నతాత ఉన్నాడు. మా తాతకు తమ్ముడు, పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. యుద్ధం గురించి ఎవరడిగినా అక్కడి వానల గురించి చెప్పి ఊరుకునేవాడు. బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"ఏమబ్బా, వీడు యుద్ధానికి పోయినాడా, కారం మిల్లులో పడినాడా?"

నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఆయన లేచి, ఒక గోనెసంచిలో నాలుగు ఇటుకలు వేసి, తాడుతో నా భుజానికి తగిలించాడు. చెప్పులు లేకుండా కాణిపాకం దారిలో ఎండలో మైలు దూరం నడిపించి, మళ్ళీ వెనక్కి నడిపించుకొచ్చాడు. నాకు శిక్ష వేస్తున్నాడనే అనుకున్నాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోబోతే ఆపాడు.

"కడగొద్దురా. ముందు సూడు."

చూశాను. మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము. చెమట కారిన చోట ఆ దుమ్ములో సన్నటి గీతలు. భుజం మీద తాడు ఒరుసుకున్న చార. చూసింది వేయమన్నాడు. తడిగుడ్డతో కుంకుమంతా తుడిచేసి, నా కాళ్ళ దుమ్మునే రాల్చి జిగురులో కలిపి సిపాయికి మోకాళ్ళ దాకా పూశాను. దీపపు మసితో కళ్ళ కింద నీడ పెట్టాను. భుజం మీద చార గీశాను. అంతా అయ్యాక చిన్నతాత చీపురుపుల్లను కుంకుమలో ముంచి, వాడి కుడి భుజం వెనక ఒకే ఒక్క చుక్క పెట్టాడు. దెబ్బ అక్కడ తగిలిందా అని అడిగాను.

"వీని నెత్తురు గాదులేరా. పక్కనోనిది. మోసుకొని వచ్చినాడు."

ఆయన చేయి తన కుడి భుజాన్ని ఒకసారి తడుముకుంది.

అవ్వ బొమ్మను చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది. ఆ చుక్క చూసింది. తలెత్తి మరిది ముఖం చూసింది. సిపాయిని కొలువులో కింది మెట్టు మీద నిలబెట్టి, వాడి ముందు ఉగ్గుగిన్నెతో మజ్జిగ పెట్టింది. అంత దూరం నడిచొచ్చినవాడికి దాహం వేయదా అంది. తొమ్మిది రోజులూ అలాగే పెట్టింది.

మనవరాలి సీసాను నేను పారేయలేదు. రేపు ఎండలో కాస్త నడిచొద్దాం రమ్మన్నానంతే. ఇన్నేళ్ళయినా ఇంటికి ఎవరొచ్చినా నా చూపు ముందు వాళ్ళ కాళ్ళ మీదికే పోతుంది. మొన్న ఆ బొమ్మ పార్సిలు తెచ్చిన అబ్బాయి కాళ్ళకూ మోకాళ్ళ దాకా దుమ్మే. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. ఏం తెచ్చాడో ఆ తర్వాతే అడిగాను.