పైన నిలవని ఊరి పేరు

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది, వేసవిలో, నన్ను మదనపల్లె పనికి వేశారు. ఆ పక్కనే అంగళ్లు అనే ఊరి దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను సీనియర్ ఫ్రంట్ ఎండ్ ఇంజనీర్‌ని. అంటే వెబ్ పేజీలో కంటికి కనిపించే భాగాన్ని కట్టే మనిషిని. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ల రక్తదాతలను ఒకే పేజీలోకి తేవాలి. ఒక్కో ఊరు ఒక్కో విభాగం. కింద దాతల పేర్లు, రక్తం గ్రూపు, ఫోన్ నంబరు.

పొడవాటి జాబితాలో ఒక చిక్కుంది. వేలితో తోసేకొద్దీ ఊరి పేరు తెర దాటిపోతుంది, మనుషుల పేర్లే మిగులుతాయి. అందుకని స్టికీ హెడింగ్ పెడతాం. తెర పైఅంచు తాకగానే ఆ శీర్షిక ఆగి, తన విభాగం అయ్యేదాకా అక్కడే ఉంటుంది. తర్వాతి ఊరి పేరు వచ్చి దాన్ని నెట్టి తాను కూర్చుంటుంది. రాయాల్సింది రెండు వరుసల కోడే. ఇన్నేళ్లు రాసినా, అది నిలబడడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటే.

ప్రయోగ దశలో, ఈ పని మాకు అప్పగించిన రక్తదాన కమిటీ పెద్దలు జాబితా చుట్టూ గుండ్రటి మూలల పెట్టె కావాలని ముచ్చటపడ్డారు. మా బృందం పెట్టింది. ఆ మర్నాడు పొద్దున్నే పేజీ వాడకం చూడడానికి మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. ప్రసూతి వార్డు నర్సు గ్రేసమ్మ గారి పక్కన కూర్చున్నానో లేదో, కాన్పయిన ఒకావిడకు రక్తస్రావం ఆగడం లేదని కబురొచ్చింది. కావలసింది ఓ నెగెటివ్. బ్లడ్ బ్యాంకులో లేదు.

గ్రేసమ్మ గారు ఫోన్ తీసి జాబితాను గబగబా తోశారు. ఆ గ్రూపుతో రెడ్డెప్ప అనే పేరు కనబడగానే నొక్కారు.

“రెడ్డెప్పా, బిన్నా, ఇప్పుడే ఆస్పత్రికి రాప్పా. కాన్పు కేసు, రక్తం పోతాండాది.”

“ఇదో వస్తాండానమ్మా.”

మా వైపు ఆసుపత్రి అంటే ఎవరికైనా వాళ్ల ఊరి ప్రభుత్వ ఆసుపత్రే. ఏ ఊరని గ్రేసమ్మ గారు చెప్పలేదు, అతను అడగలేదు. కాసేపటికి అతనే ఫోన్ చేశాడు.

“అమ్మా, ఆస్పత్రి కాడే ఉండాను. ఈడ అట్లాంటి కేసే లేదంటాండారు. మీరు యాడ ఉండారు?”

“మదనపల్లెలో.”

“నేను కుప్పంలో ఉండానమ్మా.”

అక్కడినుంచి మదనపల్లె వంద కిలోమీటర్ల పైమాటే. గ్రేసమ్మ గారు పొరపాటైందని చెప్పి పెట్టేశారు. ఆవిడ ఫోన్ చూశాను. జాబితా పుంగనూరు కూడా దాటి కుప్పంలోకి వెళ్లిపోయింది, ఆ సంగతి చెప్పాల్సిన శీర్షిక పైన లేదు. వెనక్కి తోసి మదనపల్లె కింద వెతికితే ఇమ్మానుయేలు అనే బడిపంతులు దొరికారు. ఆయన పరుగున వచ్చి రక్తమిచ్చారు. బాలింత కాస్త తేరుకుంది కానీ ఇంకో యూనిట్ తప్పదన్నారు డాక్టరమ్మ. జాబితాలో ఆ ఊరికి ఆ గ్రూపు వాళ్లు ఇంకెవరూ లేరు. గ్రేసమ్మ గారు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు మొదలుపెట్టారు.

నేను కోడ్ తెరిచాను. కారణం ఆ గుండ్రటి పెట్టే. మూలల దగ్గర ఏదీ బయటికి పొడుచుకురాకుండా, మించిందాన్ని దాచేయమని పెట్టెకు ఆదేశం ఇస్తారు. అప్పుడు శీర్షిక తెరను వదిలి పెట్టెనే అంటిపెట్టుకుంటుంది, పెట్టెతోపాటే పైకి పోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆదేశం తీసేసి, మొదటి వరుసకూ చివరి వరుసకూ మాత్రం మూలలు గుండ్రంగా చేశాను. శీర్షిక నిలిచింది.

మధ్యాహ్నం దాటాక వార్డు గుమ్మంలో దుమ్ము కొట్టుకుపోయిన ఒకాయన నిలబడ్డాడు. కుప్పం రెడ్డెప్పనన్నాడు. గ్రేసమ్మ గారు దిగ్గున లేచారు.

“పొరపాటని చెప్తిని కదప్పా. ఇంత దూరం యాల వచ్చినావు?”

“పిలిచింది పొరపాటే గానీ, ఆయమ్మకి రక్తం పోతాండేది నిజమే గదమ్మా.”

నేనూ లేచాను. ఆ మనిషి ముందు కూర్చోవడానికి మనసొప్పలేదు. పరీక్షలయ్యాక అతని రక్తం లోపలికి వెళ్లింది. సాయంత్రానికి బాలింతకు ప్రాణభయం లేదన్నారు.

అతను బయల్దేరేముందు సరిచేసిన పేజీ చూపించాను. వేలితో తోశాడు. కుప్పం అన్న పేరు పైన కదలకుండా నిలబడింది.

“అయితే ఇంక పొరపాటున గూడా నన్ను పిలవరన్నమాట,” అని చిన్నబుచ్చుకున్నాడు.

శీర్షిక నిలుస్తోందా లేదా అన్నది ఆఫీసు కంప్యూటర్లో కాదు, అవసరంలో ఉన్నవాళ్ల చేతి ఫోనులో చూడాలని ఆ పనిలో నేర్చుకున్నాను. దగ్గరి మనిషి ఎవరో చూపించడం వరకే మా విద్య. దూరం నుంచి వచ్చే మనిషిని మేం కట్టలేం.