ఒక్కో తలుపుకి ఒక్కో గొళ్ళెం

మా ఇంట్లో ఏ రెండు తలుపులకీ ఒకే రకం గొళ్ళెం ఉండేది కాదు. పర్చూరు దాటాక, మిరప చేలని ఆనుకుని, చర్చి వెనకాల ప్రభుత్వం కట్టించిన కాలనీలో మాదొక ఇల్లు. నాన్న తాపీపనికి వెళ్ళేవాడు. ఎక్కడ ఏ పాత కట్టడం పడగొట్టినా, యజమాని వద్దన్నది అడిగి తెచ్చేవాడు. అలా వంటింటి తలుపుకి నీలం రంగు పూసిన ఇనుప గొళ్ళెం వచ్చింది. అది ఒకప్పుడు పచ్చి పొగాకుని వేడిపెట్టి ఆరబెట్టే కొట్టానిది. కిటికీ రెక్కలకి ఏదో ఆఫీసులో పీకేసిన అల్యూమినియం పిడులు. స్నానాల గదికి ప్లాస్టిక్ తలుపు, గడియ విరిగిపోతే దానికో తాడు. వీధి తలుపుకి మాత్రం సింహం తలలున్న రెండు ఇత్తడి కడియాలు.

బడిలో నాతో చదివే అమ్మాయి ఒకసారి మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి నవ్వింది. "మీ ఇల్లు పాతసామాన్ల కొట్టులా ఉందే!" అంది. మర్నాటికి ఆ మాట క్లాసంతటికీ తెలిసిపోయింది. ఆ తర్వాత నేనెవర్నీ ఇంటికి పిలవలేదు.

ఆ కడియాలు అమ్మవి. ఊళ్ళో ఒక పెద్ద రైతు ఇంట్లో అమ్మ పాచిపని చేసేది, సీజన్లో వాళ్ళ చేలోనే మిరపకాయలు కోసేది. ఏటా క్రిస్మస్ ముందు ఆ ఇంటి పెద్దావిడ అమ్మకి ఒక చీరాల చీర పెట్టేది. అమ్మకి ఏడాదికి అదొక్కటే కొత్తచీర. వాళ్ళు పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకున్న ఏడాది మాత్రం చీర లేదు. పెద్దావిడ పాత సింహద్వారం నుంచి ఊడదీసిన కడియాలు అమ్మ చేతిలో పెట్టి, "ఈ ఏడు చీర కుదర్లేదే. ఇవి తీసుకుపో. ఇత్తడివి" అంది. అమ్మ ఆ పండక్కి పాత చీరే ఉతుక్కుని కట్టుకుని ఆరాధనకి వెళ్ళింది. నాన్న కడియాల్ని మా వేపచెక్క తలుపుకి బిగించాడు. వాటిని పట్టుకుని నేనూ తమ్ముడూ ఊగుతుంటే, "ఒరేయ్, నా చీర చింపుతారా ఏంటి?" అని అరిచేది అమ్మ.

నాన్న పోయాడు. నేను గుంటూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ బ్రాడీపేటలో అద్దెకుంటున్నాను. తమ్ముడు ఊళ్ళోనే ఉండి, ఆ రైతు కొడుకు పొలం కౌలుకి తీసుకుని మిరప వేసేవాడు.

కిందటేడు వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు, మా కాలనీలోకి ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. దిగింది ఆ రైతు కొడుకూ, ఆయన భార్యా. మా అమ్మ వాళ్ళింట్లో పనికి చేరినప్పుడు ఆయన నిక్కర్లేసుకునే పిల్లాడు.

"బావున్నారా చినబాబుగారూ?" అంటూ అమ్మ కుర్చీలు తుడవబోయింది. వాళ్ళు కూర్చోలేదు. ఆవిడ నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళి కడియం పట్టుకుని చూసింది.

"ఇవేనండీ! నేను చెప్పలా?" అంది భర్తతో. తర్వాత నా వైపు తిరిగి, గుంటూరులో కట్టుకుంటున్న కొత్త ఇంటి బొమ్మలు ఫోన్‌లో చూపించింది. "ఇప్పుడు ఇల్లంతా ఒకే సెట్ పెట్టడం లేదండీ. మా డిజైనర్ చెప్పాడు, ఒక తలుపుకి నల్ల హ్యాండిల్, ఒకదానికి స్టీలు, ఒకదానికి పాత ఇత్తడి. అన్నీ కలిపేయాలంట. అప్పుడే ఇంటికి ఒక క్యారెక్టర్ వస్తుందంట." మాట్లాడుతూనే మా కిటికీ పిడుల్నీ, వంటింటి నీలం గొళ్ళేన్నీ చూసింది. మళ్ళీ కడియాల దగ్గరికే వచ్చింది.

"మా తాతగారి గుమ్మానివి కదా ఇవి" అన్నాడాయన అమ్మతో. "అమ్మ ఏదో వాడుకోమని ఇచ్చింది. నీ దగ్గర ఊరికే తీసుకోంలే, బదులు కొత్త స్టీలు హ్యాండిళ్ళు తెచ్చాం."

"అవి వాడుకోమని ఇచ్చినవి కాదండీ" అన్నాను. "చీర బదులు ఇచ్చారు. మా అమ్మ కష్టానికి ఇచ్చారు."

ఆయన నా మొహం చూడలేదు. చేలో నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్న మా తమ్ముణ్ణి చూశాడు. "ఏరా, ఏమంటావ్?"

తమ్ముడు తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. లోపలికెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. తుప్పుపట్టిన స్క్రూలు రాకపోతే సుత్తితో కొట్టి మరీ ఊడదీశాడు. చెక్క పెచ్చులు లేచి గుమ్మంలో పడ్డాయి. అమ్మ వాటిని ఏరుతూ, "తీసుకెళ్ళండి బాబూ, మీవే కదా" అంది.

కారు వెళ్ళిపోయాక తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. "నోరు లేదా నీకు? ఎవరి సొమ్మని ఇచ్చావ్?"

"నీకు నెల తిరిగేసరికి జీతం పడుద్దక్కా" అన్నాడు వాడు, తల ఎత్తకుండా. "నాకు ఆ పొలం పోతే ఏం చెయ్యమంటావ్? నువ్వు కడతావా ఇంకో చోట కౌలు?"

ఆ సాయంత్రమే వాడు కొత్త స్టీలు హ్యాండిళ్ళు బిగించాడు. పాత కడియాల బిళ్ళలు పెద్దవి, ఇవి సన్నవి. చుట్టూ తెల్లటి గుండ్రని మచ్చలు మిగిలిపోయాయి.

మాఘమాసంలో వాళ్ళ గృహప్రవేశానికి పిలుపు వచ్చింది. నేను రానన్నాను. అమ్మే పట్టుబట్టింది. "ఎక్కడ పెట్టారో చూసొద్దాం" అంది. తమ్ముడు ఆమెని గుంటూరు బస్సెక్కిస్తే, బస్టాండ్ నుంచి నేను ఆటోలో తీసుకెళ్ళాను.

ఇల్లు నిజంగానే బాగుంది. ఏ గది తలుపు హ్యాండిల్ ఆ గదిదే, నలుపు, రాగి రంగు, మెరుపు లేని స్టీలు. చుట్టాలు తలుపు తలుపునా ఆగి మెచ్చుకుంటున్నారు. అమ్మ కూడా తలుపు తలుపునా ఆగింది. దేవుడి గది తలుపుకి సింహం తలల కడియాలున్నాయి. అమ్మ వంగి చూసి, "ఇవి మనవి కావు" అంది. నిజమే. మా వాటిలో ఒక సింహానికి ముక్కు అరిగిపోయి ఉండేది. వీటికి చెక్కుచెదరని కొత్త ముక్కులు.

ఆ ఇంటావిడ నవ్వుతూ వచ్చింది. "అవి సెట్ కాలేదండీ. సైజులో తేడా వచ్చింది. డిజైనర్ అచ్చం పాతవాటిలా ఉండేవి కొత్తవి తెప్పించాడు. భోజనం చేసి వెళ్ళండి, వెనకవైపు పెట్టారు."

"అయితే మావి మాకిచ్చెయ్యండమ్మా" అంది అమ్మ.

నాకు తెలిసి ఆ కుటుంబాన్ని అమ్మ నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి. మెల్లగా అనలేదు కూడా. చుట్టూ ఉన్న నలుగురూ తిరిగి చూశారు. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "పని అయ్యాక మిగిలిన ఇనుమూ అదీ పాతసామాన్లవాడికి వేసేశారు. అందులో పోయి ఉంటాయి" అంది. అవతల నుంచి ఆమె భర్త వింటున్నాడు. అమ్మని ఒక్క క్షణం చూసి, వచ్చిన వాళ్ళెవరికో నమస్కారం పెడుతూ అటు వెళ్ళిపోయాడు.

మేం భోజనం చెయ్యలేదు. బస్టాండ్‌లో అమ్మకి ఇడ్లీ తినిపించి బస్సెక్కించాను.

మిరప కోతలు అయ్యాక ఆ రైతు కొడుకు తన పొలం ఇంకొకరికి కౌలుకిచ్చాడు. కారణం చెప్పలేదు. తమ్ముడు రెండుసార్లు ఆయనింటికి వెళ్ళి గుమ్మం బయట నిలబడి వచ్చాడు. ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డులో మిరప బస్తాలు మోస్తున్నాడు. ఆదివారాలు నా గదికి వస్తే ఒళ్ళంతా ఘాటు. దగ్గుతూనే అన్నం తింటాడు.

మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మ అడిగింది. "నేను అందరిలో అలా అడక్కుండా ఉండాల్సింది, కదే?"

"నీవల్ల కాదమ్మా" అన్నాను. "ఎక్కువ కౌలు ఇస్తానని ఎవడో వచ్చుంటాడు."

అమ్మ నమ్మలేదు. నేనూ నమ్మి చెప్పలేదు.