బూడిద బొచ్చు రాల్చిన చలికాలం

మా మేనత్త ఒక ఏడాది చలికాలాన్ని మెడపట్టి బయటికి గెంటేసింది. నమ్మనివాళ్లు నమ్మకపోతే పోనీ, బడికెళ్లినవాళ్లకు ఇలాంటివి ఎలాగూ తెలియవు.

స్వారీ నేర్పేచోట గుర్రాలను చూసుకోవడం అత్త పని. లాయంలో చివరి గది బూడిద అనే గుర్రానిది. ఒంటికన్ను ముసలి ఆడగుర్రం. అత్తకు అదంటే ప్రాణం. కానీ చీకట్లో ఎవరు దగ్గరికొచ్చినా కాలు విసురుతుంది. ఒకసారి అత్త మోకాలినే పగలగొట్టింది. అప్పటినుంచి అదంటే ప్రాణంతోపాటు భయం కూడా.

మంచు ముదిరిన రోజుల్లో, ఒక పొద్దున బ్రష్షు వేయగానే బూడిద బొచ్చు గుప్పెళ్లకొద్దీ ఊడివచ్చింది. గుర్రాలు బొచ్చు రాల్చేది చలి తగ్గాక. మిగతావన్నీ ఎలుగుబంట్లలా ఉన్నాయి. కిందటేడు పక్క లాయంలో ఒక గుర్రానికి చర్మంమీద అంటురోగం వస్తే, మిగతావాటి మంచికని దాన్ని చంపేశారు.

అందుకని అత్త ఊడిన బొచ్చును దాచడం మొదలుపెట్టింది. బస్తాలో కుక్కి తన మంచం కింద పెట్టేది. బస్తా నిండితే దిండులో కూరేది. ఆ రోజుల్లో ఆమె ఇంట్లో తుమ్మకుండా అన్నం తిన్నవాడు లేడు. యజమాని చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఆయనకూ గుర్రానికీ మధ్య నిలబడి ఏదో ఒకటి వాగేది.

"ఏమ్మా, నీ స్వెట్టరుకి కూడా బొచ్చు మొలిచిందే," అన్నాడాయన ఒకరోజు.

"పాతదండీ. ఊలు లేస్తోంది."

"పక్కకి జరుగు."

గుర్రం డొక్క చూసి ఆయన ముఖం పాలిపోయింది. "అంటురోగమైతే దీన్ని ఉంచను. పశువుల డాక్టరమ్మ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

డాక్టరమ్మ వచ్చేదాకా అత్త దాని మెడ వదల్లేదు.

డాక్టరమ్మ దాని బొచ్చును పాయలు తీసి చూసింది. పుండు లేదు, పొక్కు లేదు. కింద కొత్త బొచ్చు నిగనిగలాడుతోంది. ఆమె తలెత్తి పైనున్న పెద్ద బల్బు వైపు చూసింది.

"దీన్ని ఎప్పుడు ఆర్పుతారు?"

"పనైపోగానే," అన్నాడు యజమాని. "కరెంటు ఊరికే తగలేస్తే నేనూరుకోను. ఇదివరకటి మనిషిని అందుకే పంపించేశా."



"అయితే లోపల ఏదో జబ్బే అనుకోవాలి," అంది డాక్టరమ్మ.

"ఈ వయసులో జబ్బంటే ఇక ఆలోచించేదేముంది," అన్నాడు యజమాని.

"ఆర్పనండీ," అంది అత్త. "తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. చీకట్లో దాని దగ్గరికెళ్లాలంటే నాకు భయం."

డాక్టరమ్మ బరువుగా ఊపిరి వదిలింది. "గుర్రం ఒంటికి వెలుతురే క్యాలెండరమ్మా. వెలుతురు ఎక్కువైతే చీకట్లో ఊరే హార్మోను తగ్గిపోతుంది, బొచ్చు రాల్చమనే హార్మోను పెరుగుతుంది. బయట మంచు కురుస్తున్నా దీని లెక్కలో చలి వెళ్లిపోయింది."

"మరిప్పుడు?"

"ఊడింది అతికించలేం. ఒళ్లంతా కప్పి ఉంచండి. లేకపోతే చలికే పోతుంది."

పని మానెయ్ అన్న మాట యజమాని నోటిదాకా వచ్చి ఆగింది. ఆ గుర్రం కాలికి ఎదురెళ్లే మనిషి ఆయనకు ఇంకొకరు దొరకరు. "దీనికి సరిపడా దుప్పటి మన దగ్గర లేదు," అని మాత్రం గొణిగాడు.

ఇదంతా నేను నలుగురిలో చెప్పినప్పుడల్లా అత్త కూరగాయలు తరగడం ఆపదు, తలెత్తదు.

"చలికాలాన్ని నేనేం గెంటలేదురా. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కలిపి దానికి కుట్టేశా. ఆ ఏడు వణికింది నేను."