మాటల బుడగలు రాసిన ఫ్రీడా

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, లిఫ్టు లేని ఓ పాత భవనం మూడో అంతస్తులో ఫ్రీడా లుబిన్ ఒంటరిగా ఉండేది. కామిక్సులో ఆకాశాన ఎగిరే వీరులు, వాళ్లను మట్టుబెట్టాలని చూసే దుర్మార్గులు మాట్లాడే మాటల్ని బుడగల్లో నల్ల సిరాతో రాయడం పన్నెండేళ్లుగా ఆమె పని. కథ రాసినవాడి పేరు, బొమ్మ గీసినవాడి పేరు అప్పుడప్పుడైనా అచ్చయ్యేవి. అక్షరాలు రాసినవాళ్ల పేరు ఎవరడుగుతారు? ఇరుగుపొరుగు ఆమెను టైపిస్టనుకునేవారు. ఆమె అవుననలేదు, కాదనలేదు.

1954 వసంతం. కామిక్సు చదివి పిల్లలు చెడిపోతున్నారని పేపర్లలో, రేడియోలో ఒకటే గోల. ఓ సాయంత్రం ఎదుటి వాటా డోరా జెల్నిక్ సంచీతో తలుపు తట్టింది.

"ఆదివారం బడి ఆవరణలో ఆ చెత్తంతా తగలబెడుతున్నాం ఫ్రీడా. నీకు పిల్లాజెల్లా లేరనుకో, అయినా గడపగడపా అడుగుతున్నా. ఏమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి. బీరువా నిండా."

"నీకెందుకే అవి?"

"వాటిలో మాటలు నేనే రాశాను డోరా గారూ. ఈ చేత్తోనే."

డోరా పకపకా నవ్వింది. ఫ్రీడా నవ్వకపోయేసరికి ఆమె మొహం మాడిపోయింది.

"మా అబ్బాయి ఐరా దిండు కింద దొరికినవీ నీవేనన్నమాట!" అని విసురుగా వెళ్లిపోయింది.

ఆ తర్వాత మెట్ల మీద ఎదురైనవాళ్లు మొహం తిప్పుకునేవారు. ఏడాది తిరక్కుండానే ఆమె పనిచేసే కామిక్సు కంపెనీ మూతపడింది. ఫ్రీడా దేశపటాలు అచ్చువేసే చోట చేరి, ఊళ్ల పేర్లు, నదుల పేర్లు రాసింది. నదులు మాట్లాడవు. ఒక్కోసారి చెయ్యి ఆగిపోయి, ఎవడైనా ఒక్క కేక వేస్తే బాగుండుననిపించేది.

తొమ్మిదేళ్లకు డోరా భర్త పోయాడు. కొన్ని నెలల తర్వాత ఆమె ఓ కాగితం పట్టుకుని వచ్చింది.

"రాయి చెక్కేవాడి అక్షరాలు నాకు నచ్చలేదు. సమాధి మీదికి మా ఆయన పేరు నువ్వు రాసిస్తావా?"

"కూర్చోండి."

రెండుసార్లు రాసి చింపేసి, మూడోసారి రాసిచ్చింది ఫ్రీడా. డోరా టీ చల్లారిపోయేదాకా ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. పాత మాట ఇద్దరూ ఎత్తలేదు. వెళ్తూ గడపలో ఆగి, "శుక్రవారం కూడా ఒక్కదాన్నే తింటున్నా," అంది డోరా.

వాళ్ల యూదుల ఇళ్లలో శుక్రవారం రాత్రి భోజనం అందరూ కలిసి చేసేది. పిలిచిందో, గోడు చెప్పుకుందో ఫ్రీడాకు తేలలేదు. ఆ శుక్రవారం పొద్దుగూకే ముందు మంచి గౌను వేసుకుని తన తలుపు దాకా వెళ్లింది. ఎదుటి వాటాలో ఒక్క పళ్లెం చప్పుడు వినిపించింది. పిలవని పేరంటానికి ఎలా వెళ్లడమని కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి గౌను మార్చేసుకుంది.