సరిత పేరు మీద దిగినవాడు

సరితను ఎడమవైపు నుంచి పిలిస్తే పలకదు. కొత్తవాళ్లు పొగరనుకుంటారు. పొగరు కాదు, ఆ చెవి పోయింది. ఎలా పోయిందో ఇల్లెందులో ఆమె పుట్టిన వీధిలో నాలుగు రకాలుగా చెబుతారు. మొగుడు కొట్టాడని ఒకావిడ అంటుంది. పెళ్లే కాని పిల్లకు మొగుడెక్కడి నుంచి వచ్చాడో ఆవిడే చెప్పాలి. జరిగింది వేరు.

నల్లమద్ది అడవి అంచున ఆయిల్ పామ్ గెలలు ఆడించే మిల్లు ఉంది. అక్కడి కంప్యూటర్లన్నీ సరిత చేతి కింద నడుస్తాయి. గేటు దగ్గర టోకెన్లిచ్చేది, కాటా దగ్గర బరువు రాసేది, ఆఫీసులో రసీదులు తీసేది, అన్నీ ఒక గదిలో ఫ్రిజ్జంత ఇనుప బీరువాకు తగిలించి ఉంటాయి. దాన్ని సర్వర్ అంటారు. మనుషులకు ఫ్యాను, దానికి ఏసీ. ఏది ఆగినా ఫోను సరితకే. అన్నం తింటున్నా, తలంటుకుంటున్నా, "అక్కా, తెర నల్లగైంది, జల్దీ రా!" అని ఒకటే మోత.

ఆమె నాన్న పగిడయ్య ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో పనిచేశాడు. ఆ రోజుల్లో బాయిలో దిగే ముందు ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి లైటు తీసుకునేవాడు. కప్పు కూలితే ఆ బిళ్లలు చూసే లోపల ఎవరున్నారో తేల్చేవారు. ఒకసారి ఒకడు తమ్ముడి బిళ్ల మీద దిగాడు. ఇంట్లో నిద్రపోతున్న తమ్ముడి పేరు పెట్టి అంతా ఏడ్చారు. లోపల నలిగినవాడి ఊసు ఎవరికీ పట్టలేదు. "ఒకని బిళ్ల మీద ఇంకొకడు దిగుడు ఉట్టి మాట గాదు బిడ్డా" అని పగిడయ్య అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని మరీ చెప్పేవాడు.

అంత విన్న పిల్ల ఏం చేసిందో చూడండి.

ట్రాక్టర్ల వరుస మార్చడానికి కంప్యూటర్ ఒక్క సరిత పేరునే ఒప్పుకుంటుంది. దారిలో టైరు పగిలినవాడిని వెనక్కి జరపాలన్నా ఆమే రావాలి. తలా ఒక పేరు, తలా ఒక పాస్‌వర్డ్ కావాలని మేనేజర్ రామ్‌చందర్‌ను రెండుసార్లు అడిగింది. "ఉన్నదాంతోని నడిపియ్యి" అన్నాడాయన. తిండి మధ్యలో వచ్చే ఫోన్లకు విసిగిపోయి, ఒకరోజు తన పాస్‌వర్డును టోకెన్ గదిలో గోడ మీది రాములవారి క్యాలెండర్ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసేసింది. దేవుడి పాదాల దగ్గరుంది కదా, ఎవరు తప్పుగా వాడతారులే అనుకుంది.

జూలైలో గెలలు ముంచెత్తాయి. కోసిన గెల రెండు రోజులు నిలిస్తే కుళ్లుతుంది, మిల్లు వెనక్కి పంపేస్తుంది. అడవి రోడ్డు పొడుగునా నూట ఇరవై ట్రాక్టర్లు, వాటి మీద ఈగలు, కింద మనుషులు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక గేటు మీది తెరలో అరవై ఒకటి పోయింది. అరవై రెండు రావాలి. నూట పద్దెనిమిది వచ్చింది. దాని వెనకే నూట పంతొమ్మిది, నూట ఇరవై. మూడు ట్రాక్టర్లు అందరి ముఖాన బురద కొట్టి లోపలికి పోయాయి.

అరవై రెండు సోమ్లిది. మూడెకరాల తోట ఆమెకు. టోకెన్లిచ్చే హాతీరాం కిటికీ దగ్గరికొచ్చి అరిచింది.

"ఏందిరా హాతీరాం, నా నంబర్ మింగినవా?"

"నాకు తెల్వదక్కా, తెరనే గట్ల..."

మాట పూర్తి కాలేదు. రాయి వచ్చి అద్దానికి తగిలింది. హాతీరాం నుదురు చిట్లి రక్తం కళ్లలోకి కారింది. సోమ్లి ట్రాక్టర్ నడిపే భాను పగిలిన కిటికీలోంచి చేయి పెట్టి, కాలర్ పట్టి, ఆ గాజు కొనల మీదుగానే మనిషిని బయటికి గుంజాడు. పొట్ట మీద చొక్కా, చొక్కాతో పాటు చర్మం చీరుకుపోయాయి. కింద పడ్డాక కాళ్లు, చెప్పులు, ఎవరివో తెలియదు. ఒకడు అతని కుడి చేయి తొక్కిపట్టాడు. ఎముక విరిగిన చప్పుడు పక్కనున్నవాళ్లకు వినిపించింది.

"నంబర్లు అమ్ముకున్న చెయ్యి ఇదే గదా!" భాను ట్రాలీ మీది నుంచి గెలలు కోసే పొడుగు కొడవలి తీశాడు. "గీ చెయ్యే లేకుంట చేస్త!"

సరిత అప్పుడే క్యాంటీన్ నుంచి పరుగెత్తుకొచ్చి సర్వర్ గదిలో కూర్చుంది. వరుస ఎవరు మార్చినా గంట, నిమిషం, పేరు రాసుకుంటుంది ఆ బీరువా. తీసి చూసింది. ఒంటిగంట పది నిమిషాలు. మార్చినవారు: సరిత.

ఒంటిగంట పదికి ఆమె ముందు పప్పుచారు గిన్నె ఉంది. గోడ మీది రాతను ఎవడో వాడాడు.

తలుపు గడియ పెట్టి రామ్‌చందర్ వెనకే నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది.

"హాతీరాం మార్చిండని చెప్పు. నీకేం గాదు. ఎట్లనో వాన్ని కొట్టనే కొట్టిండ్రు."

"గీడ నా పేరున్నది సార్."

"అది ఎవడు చూస్తడు?"

బయట హాతీరాం కేక. మేక గొంతు కోస్తున్నప్పుడు వస్తుందే, ఆ కేక. సరిత కాగితం అచ్చు తీసింది. రామ్‌చందర్ చేయి అడ్డం పెడితే మణికట్టు కొరికి గడియ తీసింది.

"ఆగుర్రి! ఒంటిగంట పదికి మార్చిన్రు. హాతీరాం గాదు, గీడ రాసుంది!"

"మరెవడు? చదువు!" అన్నాడు భాను. కొడవలి ఇంకా హాతీరాం చేతి మీదే ఉంది.

కాగితం మడిచి పరుగెత్తే వీలు అప్పటికింకా ఉంది.

"సరిత అని ఉంది" అంది. "సరిత నేనే."

కొడవలి లేచింది. భాను దాన్ని తిరగేసి కర్రవైపు నుంచి కొట్టాడు. ఎడమ చెవి మీద. ప్రపంచం ఒక పక్క ఆరిపోయింది. మోకాళ్ల మీద పడ్డాక ఇంకో దెబ్బ వీపు మీద, ఇంకొకటి తల మీద. సోమ్లి ఆమె జుట్టు పట్టి ముఖం పైకెత్తింది.

"నా గెలలు కుళ్లినయ్. నీకేమిచ్చిండ్రు? చెప్పవే!"

"నేను తింటుండె అక్కా. క్యాంటీన్ల అడుగు. నా పాస్‌వర్డ్ గోడ మీదున్నది. ఎవడో చూసి కంప్యూటర్ల కొట్టిండు." నోట్లోంచి పన్ను, రక్తం కలిసి పడ్డాయి. "కానీ గోడ మీద రాసింది నేనే."

సోమ్లి జుట్టు వదిలింది. పగిలిన కిటికీలోంచి తొంగి చూసింది. రాములవారి కింద ఆ పెద్ద అక్షరాలు అలాగే ఉన్నాయి. "ఆగురా భానూ, సాలు" అంది. అతను ఆగేలోపు మరో దెబ్బ పడనే పడింది.

పోలీసు జీపు వచ్చేసరికి మేనేజర్ గది తలుపు విరిగి ఉంది. వెనక గోడ దూకి రామ్‌చందర్ అడవిలోకి పారిపోయాడు. నూట పద్దెనిమిది ఆయన బావమరిది ట్రాక్టరని తర్వాత తేలింది. మరి మార్చింది ఆయనేనా? ఎవరూ రుజువు చేయలేకపోయారు. కాగితం మీద ఈ రోజుకీ సరిత పేరే ఉంది. మూడు నెలలు ఆమెనే పనిలోంచి తప్పించారు.

దవాఖానాలో పగిడయ్య మంచం పక్కన కూర్చుని, కట్టు కట్టిన తల మీద చేయి వేశాడు.

"నీ బిళ్ల మీద ఎవడు దిగిండు బిడ్డా?"

ఆమె కుడి చెవి అటు తిప్పి, రెండోసారి అడిగించుకుంది.

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు ఆమె మొదట చేసిన పని, తలా ఒక పేరు ఇచ్చేదాకా సర్వర్ గది తాళం తీయనని కొత్త మేనేజర్ ముందు కూర్చోవడం. సాయంత్రానికి ఇచ్చారు. హాతీరాం చేయి వంకరగా అతికింది, మూడు వేళ్లతోనే మీటలు కొడతాడు. ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టే ముందు తల పైకెత్తుతాడు.

"అక్కా, అటు తిరుగు."

సరిత తిరుగుతుంది. అతను ఎడమవైపు కూర్చుంటాడు కనుక కొట్టడం అయిపోయిందో లేదో ఆమెకు వినపడదు. అతను భుజం తట్టేదాకా గోడనే చూస్తూ నిలబడుతుంది.