కొట్టెయ్యని పేరు

సౌదీలో, అల్ అజీజియా వెళ్ళే బస్సులో, ఆడవాళ్ళ అరలో నా పక్కన కూర్చున్న ఆ నర్సు పేరు నేను అడగలేదు. మాట గుంటూరు వైపుది. పిల్లల ఇకామాలకు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులకు, తలకింత అని లెవీ పన్ను కొత్తగా వచ్చిన రోజులవి. నేను ఒక ఇంట్లో వంట చేసేదాన్ని.

ఆమె ఒడిలో ఆస్పత్రి ఆఫీసువాళ్ళిచ్చిన కాగితం ఉంది. అందులో ఏ పిల్లల పేర్లుంటే వాళ్ళ లెవీ నెలనెలా జీతంలో కోస్తారట. ఆమెకు భర్త లేడు, పిల్లలిద్దరు. వచ్చే జీతంతో ఒక్కరినే ఉంచుకోగలదు. రెండోవారిని ఇండియా పంపెయ్యాలి.

"నా చెయ్యి రావట్లేదక్కా. మీరే ఒక పేరు కొట్టెయ్యండి," అంటూ పెన్ను నా చేతిలో పెట్టింది.

"నాకు సదువు రాదు బిడ్డా. ఏ పేరు ఎవలిదో తెల్వకుంట ఎట్ల కొట్టాలె? నీకు ఎవలు బరువైన్రో చెప్పు."

"ఇద్దరూ బరువేనక్కా! పెద్దది మాట వినదు, చిన్నోడు అన్నం తినడు," అని ఏడుస్తూనే నవ్వింది.

"ఒక్కల్నే పంపితే, ఆ పోయినోళ్ళు అమ్మకు నేనే బరువని అనుకుంటరు గద."

ఆమె నా చేతిలోంచి పెన్ను తీసుకుని, రెండు పేర్లూ అలాగే ఉంచి సంతకం చేసింది.

"టాక్సీలు మానేస్తా, ఓవర్‌టైం చేస్తా. ఏదోటి చేస్తాలే అక్కా," అంది. దిగేటప్పుడు నా చెంప నిమిరింది.

ఆ శుక్రవారమే తెలిసినామెను అక్షరాలు నేర్పమని అడిగాను. మళ్ళీ ఎవరైనా పెన్ను చేతికిస్తే, ఆ పేర్లు చదివి, అప్పుడు కొట్టనని చెప్పాలని.