రాజన్న అడిగింది అమ్మను

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా పేరు మీద చెప్పిన అబద్ధమైతే ఇంత బరువుండేది కాదేమో. అమ్మవారి పేరు మీద చెప్పాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు రాసి చెప్పగలుగుతున్నాను.

దేశం కాని దేశంలో, రుస్తాఖ్‌లో, మా కంపెనీ రూముల వెనక ఒక వేపచెట్టుంది. దాని మొదట్లో పసుపు రాసిన రాయి. మాలో ఒకరిది పోచమ్మ, ఒకరిది ఎల్లమ్మ, నాది మైసమ్మ. ఎవరి ఊరి అమ్మ వాళ్లకు గొప్ప. అయినా కొన్ని కట్టుబాట్లలో అందరం ఒక్కటే. కొమ్మ విరిచే ముందు చెట్టుకు దండం పెట్టాలి. ఒకరి మీద కోపం పెట్టుకుని బోనం ఎత్తకూడదు. పూనకంలో వచ్చిన మాటను కాదనకూడదు. మరి పూనకం వచ్చేవాడో? అందులో తన మాట కలపకూడదు. ఈ ఒక్కటీ ఎవరూ పైకి అనరు. అనాల్సిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

పూనకం నాకు వచ్చేది. నిజంగానే వచ్చేది. ఖాళీ పెయింటు డబ్బా మీద దరువు మొదలైతే నాకు ఒళ్లు తెలిసేది కాదు. ఏం మాట్లాడానో తర్వాత వాళ్లు చెబితేనే తెలిసేది.

ఆ ఆషాఢంలో మాత్రం రాలేదు.

రాజన్న నా పక్క మంచం వాడు, నాలాగే సెంట్రింగ్ మేస్త్రీ. వాళ్ల చెల్లెలిని ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. మా ఇద్దరిలో ఒక్కరికే సెలవన్నాడు ఫోర్‌మన్, అది అప్పటికే నాకు ఖాయమైంది. పుట్టాక నేనింకా చూడని కూతురు ఇంటి దగ్గర ఉంది. నీ సెలవు నాకియ్యమని రాజన్న నన్ను అడగలేదు. అడిగితే ఇచ్చేవాడినా? ఏమో. అతను శుక్రవారం పొద్దున వేపచెట్టు కింద, అందరి ముందూ, అమ్మను అడిగాడు.

"అమ్మా, చెల్లెకు పానం మంచిగ లేదు. పోవాల్నా, ఆగాల్నా?"

పొమ్మంటే నా సెలవు అతనికి పోయినట్టే. డబ్బా మోగుతూనే ఉంది. చేతిలో వేపమండలున్నాయి. ఒళ్లు జలదరించలేదు. కారుతున్నది ఎండకు పట్టిన చెమటే. అందరి ముఖాలూ నాకు స్పష్టంగా కనబడుతున్నాయి. ఇవాళ అమ్మ రాలేదు అని చెప్పి మండలు కింద పెట్టేయొచ్చు. పెట్టలేదు. ఊగాను.

"పోకు బిడ్డా. నేనున్న. నీ చెల్లె లేచి తిరుగుతది."

నేను ఇంటి దగ్గర నా కూతురిని ఎత్తుకుని ఆడించుకుంటున్న రోజుల్లోనే రాజన్న చెల్లెలు చనిపోయింది. అతను ఆఖరి చూపుకు కూడా నోచుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా భయపడ్డాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. రాజన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మ మాట తప్పలేదన్నా. నేనున్న అన్నది. చెల్లెను తన దగ్గరికే తీస్కున్నది."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని నవ్వుతూ అంటుంటాం. ఆ సామెత ఎవరి నోట విన్నా ఇప్పుడు నాకు వణుకు. అమ్మ నిజంగా వచ్చి ఉంటే ఏమనేది? పొమ్మనేదా? వెళ్తే ఆ పిల్ల బతికేదని కాదు. అన్న చెయ్యి పట్టుకుని పోయేది, అంతే. ఆ అంతేని నేను కాజేశాను. సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు నా కూతురు పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ తర్వాత నాకు పూనకం రాలేదు. అయినా ప్రతి ఆషాఢం ఊగుతూనే ఉన్నాను. మానేస్తే ఎందుకని అడుగుతారని.

రేపు మళ్లీ బోనం. రాజన్న మా మంచాల మధ్య కట్టిన పరదాకు అటువైపు కూర్చుని కుండకు సున్నం రాస్తున్నాడు. భార్యకు ఒంట్లో బాగుండటం లేదట. పోవాలా, ఆగాలా అని రేపు అమ్మను అడుగుతాడట. మీకు చెప్పాక గుండె కాస్త తేలికైంది. కాదనను. కానీ వినాల్సినవాడు మీరు కాదు, చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు.

"అన్నా, పసుపు ఏడవెట్టినవ్?" అని అడుగుతున్నాడు.